అబాదాన్ కోలుకుందా? రిఫైనరీ సంగతి వేరు, ఊరి సంగతి వేరు

మీరు అడిగింది ఇదీ: ఇరాన్-ఇరాక్ యుద్ధంలో తుక్కుతుక్కు అయిన అబాదాన్ రిఫైనరీ, యుద్ధం ఆగిన మరుసటి ఏడాదే మళ్లీ నడిచిందని ఎక్కడో చదివారు. అంటే ఆ ఊరు కూడా కోలుకున్నట్టేనా? అసలు ఒక్క ఊరి కోసం అంత గొడవ ఎందుకు జరిగింది? మనవాళ్లకు అక్కడితో ఏమైనా సంబంధం ఉందా?

ముందు సూటిగా చెప్పేస్తాను. రిఫైనరీ లేచింది, కానీ పాత సైజుకు రాలేదు. ఊరు సగమే లేచింది. 1976 జనాభా లెక్కల్లో అబాదాన్‌లో మూడు లక్షలకు కాస్త తక్కువ మంది ఉన్నారు. నలభై ఏళ్ల తర్వాత, 2016 లెక్కల్లో, 2.3 లక్షల చిల్లర. ఆ నలభై ఏళ్లలో ఇరాన్ జనాభా మూడున్నర కోట్ల లోపు నుంచి దాదాపు ఎనిమిది కోట్లకు పెరిగింది. దేశం రెట్టింపు దాటితే ఈ ఊరు మాత్రం పాత లెక్కను కూడా అందుకోలేదు. 

నేనెవరినో చెప్పాలి కదా. విశాఖపట్నం, మల్కాపురం వైపు పెరిగినవాణ్ని. ముప్పై ఏళ్లకు పైగా రిఫైనరీల్లో ఇన్‌స్పెక్షన్ పని చేశాను. షట్‌డౌన్ తీసుకున్నప్పుడు కాలమ్‌లు, డ్రమ్ములు, పైపులు విప్పి, లోపలికి దూరి, గోడ మందం ఎంత తగ్గిందో కొలిచి, ఇంకో రెండేళ్లు నడపొచ్చా లేదా అని సంతకం పెట్టే ఉద్యోగం. 1994లో గల్ఫ్‌లోని ఒక కాంట్రాక్టు కంపెనీ పంపిస్తే అబాదాన్‌లో ఏడు వారాలు ఉన్నాను. మళ్లీ 2011లో ఓ పది రోజులు. నేను చరిత్రకారుణ్ని కాను. నా కళ్లతో చూసింది, అక్కడివాళ్లు చెబితే విన్నది, తర్వాత ఆసక్తితో చదువుకున్నది కలిపి రాస్తున్నాను. పెద్దదే అవుతుంది, ఓపిక పట్టండి.

ఊరు ఎక్కడుంది అన్నదే సగం కథ

ఇరాన్ నైరుతి మూల, ఖూజెస్తాన్ రాష్ట్రం. అబాదాన్ ఒక దీవి. ఒకవైపు షత్ అల్ అరబ్ నది (ఇరాన్‌వాళ్లు అర్వంద్ రూద్ అంటారు), రెండోవైపు బహ్మన్‌షీర్. గల్ఫ్ సముద్రానికి ఎగువన సుమారు 50 కిలోమీటర్లు. రిఫైనరీ సరిగ్గా షత్ ఒడ్డున ఉంటుంది. అవతలి గట్టు ఇరాక్. జెట్టీ మీద నిలబడితే అవతల ఖర్జూర తోటలు, వాటి మధ్య నడిచే మనిషి కూడా కనిపిస్తాడు. మన రాజమండ్రి దగ్గర గోదావరంత వెడల్పు ఉంటుందని ఊహించుకోకండి, అందులో చిన్న భాగం. దేశానికి ఆయువుపట్టు లాంటి ఫ్యాక్టరీ పొరుగు దేశపు ఫిరంగికి అరకిలోమీటరు దూరంలో ఉందంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మరి అక్కడే ఎందుకు కట్టారు? కట్టిన రోజుల్లో అవతల ఇరాక్ అనే దేశమే లేదు. 1908 మే నెలలో ఎగువ కొండల్లోని మస్జెద్ సులేమాన్ దగ్గర చమురు పడింది. మరుసటి ఏడాది ఆంగ్లో పర్షియన్ ఆయిల్ కంపెనీ పుట్టింది. ఆ ప్రాంతాన్ని ఏలే షేక్ ఖజల్ దగ్గర అబాదాన్‌లో స్థలం తీసుకున్నారు. ఓడలు నేరుగా వచ్చి నింపుకుపోవడానికి నది ఉంది, అది చాలనుకున్నారు. 1911కి కొండల నుంచి 200 కిలోమీటర్లు దాటిన పైపులైను పూర్తయింది, 1912లో రిఫైనరీ మొదలైంది. 1914లో బ్రిటిష్ ప్రభుత్వం తన యుద్ధనౌకలను బొగ్గు నుంచి చమురుకు మార్చుకుంటూ ఈ కంపెనీలో సగానికి పైగా వాటా కొనేసింది. అదే ఏడాది నవంబర్‌లో ఒట్టోమన్ టర్కీతో యుద్ధం రాగానే, ఈ చమురును కాపాడటానికి షత్ సముద్రంలో కలిసే చోట, అవతలి గట్టున ఉన్న ఫావ్ దగ్గర దిగింది ఎవరనుకుంటున్నారు? మన పూనా డివిజన్ సైనికులే.

నది సరిహద్దు గొడవ ఆ తర్వాత ముదిరింది. 1937 ఒప్పందం ప్రకారం నది దాదాపు మొత్తం ఇరాక్‌ది. సరిహద్దు ఇరాన్ గట్టు వెంబడే ఉండేది. అబాదాన్ ముందు కొన్ని కిలోమీటర్ల మేర మాత్రం ఓడలు ఆగడానికి వీలుగా నది మధ్యకు జరిపారు. 1975 అల్జీర్స్ ఒప్పందంలో మొత్తం సరిహద్దునే లోతు పాయ మధ్యకు మార్చారు. 1980 సెప్టెంబర్ 17న సద్దాం హుస్సేన్ ఆ ఒప్పందం చెల్లదన్నాడు. ఐదు రోజులకే దాడి మొదలైంది.

ఈ ఊరు చావడం అదే మొదటిసారి కాదు

ఈ విషయం చాలామంది రాయరు. 1951 మార్చిలో మొసద్దెక్ నాయకత్వంలో ఇరాన్ పార్లమెంటు చమురును జాతీయం చేసింది. అక్టోబర్ మొదట్లో మిగిలిన ఇంగ్లీషు ఉద్యోగులు యుద్ధనౌక ఎక్కి బస్రా వెళ్లిపోయారు. అప్పటికి అబాదాన్ ప్రపంచంలోనే అతి పెద్ద రిఫైనరీ, రోజుకు సుమారు 5 లక్షల బ్యారెళ్లు. కొనేవాళ్లు లేకుండా బ్రిటన్ అడ్డుపడేసరికి మూడేళ్లు దాదాపు ఖాళీగా పడుంది. కార్మికులను ఇంటికి పంపకుండా ప్రభుత్వం జీతాలు ఇస్తూ వచ్చింది. 1953 ఆగస్టులో మొసద్దెక్‌ను కూలదోశారు, 1954లో విదేశీ కంపెనీల కూటమి వచ్చింది, మళ్లీ పొయ్యిలు వెలిగాయి.

గమనించండి: మూడేళ్లు యంత్రాలు ఆగినా ఊరు చెదరలేదు. ఎందుకంటే మనుషులు అక్కడే ఉన్నారు. 1956 లెక్కల్లో అది ఇరాన్‌లో ఐదో పెద్ద నగరం. రెండోసారి జరిగింది దీనికి పూర్తిగా తిరగబడిన కథ.

మంచి రోజుల్లో ఆ ఊరు ఎలా ఉండేదో ఒక్కమాట. కంపెనీ తెల్లవాళ్ల కోసం బ్రెయిమ్ అనే పేట కట్టింది. బంగళాలు, పచ్చిక, క్లబ్బు, ఈతకొలను. బవార్దా అని ఇంకో తోటల కాలనీ గీసింది జేమ్స్ మాలిసన్ విల్సన్ అనే ఆర్కిటెక్ట్. ఈయన అంతకుముందు న్యూఢిల్లీ కట్టిన లుటియెన్స్ దగ్గర పనిచేసినవాడు. మామూలు కూలీలకు మాత్రం రేకులు, గుడ్డలు కప్పుకున్న పాకలు. అందులో ఒకదాన్ని కాగజాబాద్ అనేవారు, కాగితాల ఊరు అని. మన పాత రైల్వే కాలనీలు చూసినవాళ్లకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. నేను బ్రెయిమ్‌లో నడుస్తుంటే వాల్తేరు రైల్వే బంగళాలే గుర్తొచ్చాయి.

షిఫ్టు మారేటప్పుడు రిఫైనరీ కూత వేసేది. దాన్ని అక్కడివాళ్లు ‘ఫేదూస్’ అంటారు. ఊరంతా ఆ కూతకే లేచి, ఆ కూతకే తినేవారట. మంచి చొక్కా, రే బాన్ కళ్లజోడు, గొప్పలు చెప్పుకోవడం, ఈ మూడూ లేనివాడు అబాదానీ కాడని ఇరాన్‌లో జోకులు. వాళ్ల ఫుట్‌బాల్ టీం సనత్ నఫ్త్ పసుపు చొక్కాలు వేస్తుంది, అందుకని ఊరిని ‘బ్రెజిల్’ అంటారు. నాతో పనిచేసిన ఒక ఫోర్‌మన్ ఈ మాట అంటే నేను నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు.

1978 ఆగస్టు 19న అక్కడి రెక్స్ సినిమా హాలు తగలబడింది. తలుపులు బయటి నుంచి మూసేసి నిప్పు పెట్టారు. దాదాపు 400 మంది కాలిపోయారు. మొదట జనం అప్పటి ఇరాన్ రాజు షా రహస్య పోలీసులే చేశారని నమ్మారు. తర్వాత మతవాద యువకుల పేర్లు బయటికొచ్చాయి. విప్లవానికి నిప్పు రాజేసిన ఘటనల్లో ఇదొకటి. ఆ తర్వాత అక్టోబర్ నుంచి చమురు కార్మికుల సమ్మె. షా వెళ్లిపోవడంలో ఆ సమ్మె పాత్ర చాలా పెద్దది. అబాదాన్ ముసలివాళ్లతో మాట్లాడితే యుద్ధం కంటే ముందు ఈ సినిమా హాలు సంగతే ఎత్తుతారు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఉంటారు ఆ లిస్టులో.

ఎనిమిదేళ్లు

1980 సెప్టెంబర్ 22న ఇరాక్ దిగింది. మొదటి రోజుల్లోనే రిఫైనరీ మీద గుండ్లు పడ్డాయి. అప్పటికి దాని సామర్థ్యం రోజుకు 6 లక్షల బ్యారెళ్లు దాటి ఉంది. అక్టోబర్‌లో ఇరాక్ సైన్యం కారూన్ నది దాటి దీవిని మూడువైపులా చుట్టుముట్టింది. పక్కనున్న ఖోర్రమ్‌షహర్ పడిపోయింది. అబాదాన్ పడలేదు. మిగిలిన ఒక్క దిక్కు బహ్మన్‌షీర్ వైపు నుంచి పడవల మీద, హెలికాప్టర్ల మీద తిండి, మందుగుండు వచ్చేవి. 1981 సెప్టెంబర్ చివర్లో ముట్టడి విడింది. 1982 మే 24న ఖోర్రమ్‌షహర్ తిరిగి వచ్చింది.

ముట్టడి విడింది అంటే ఊరు బాగుపడిందని కాదు. ఆ తర్వాత ఆరేడేళ్లు అది సరిహద్దు రేఖే. 1986లో ఇరాన్ సైన్యం నది దాటి ఫావ్ పట్టుకున్నది ఈ దిక్కు నుంచే. అంటే అబాదాన్ అప్పుడు ఊరు కాదు, ఒక పెద్ద కందకం.

1986 ఇరాన్ జనాభా లెక్కల్లో అబాదాన్ నగర జనాభా ఎంతో తెలుసా? ఆరు. వేలు కాదు, లక్షలు కాదు. ఆరుగురు. పక్కన ఖోర్రమ్‌షహర్‌కు సున్నా వేశారు. సైనికులను లెక్కలో వేయరు కాబట్టి. ఈ ఊరి పేరు వింటే మన హైదరాబాద్‌లో, సికింద్రాబాద్‌లో ఉన్న ‘ఆబాద్’ గుర్తొస్తుంది. ఆ మాటకు జనంతో నిండుగా ఉన్నదని అర్థం.

రిఫైనరీ అంత త్వరగా ఎలా లేచింది

1988 ఆగస్టు 20న కాల్పులు ఆగాయి. 1989లో రిఫైనరీలో ఒక భాగం, రోజుకు 1.3 లక్షల బ్యారెళ్ల మేర, మొదలైంది. ఇది వింటే అద్భుతం అనిపిస్తుంది. పని తెలిసినవాళ్లకు అంత ఆశ్చర్యం కాదు. కారణం చెబుతాను.

పెద్ద పాత రిఫైనరీ ఒక యంత్రం కాదు. యాభై అరవై ఏళ్లలో పక్కపక్కన కట్టుకుంటూ పోయిన యూనిట్ల గుంపు. ఒక క్రూడ్ డిస్టిలేషన్ యూనిట్ కాలిపోతే ఇంకోటి సగం బాగుండొచ్చు. కాబట్టి ఎవరైనా చేసే పని: ముందు నీళ్లు, బాయిలర్లు, కరెంటు. ఆవిరి లేనిదే ఏదీ నడవదు. తర్వాత తక్కువ దెబ్బతిన్న క్రూడ్ యూనిట్ ఒకటి ఎంచుకుని, మిగతా చోట్ల పనికొచ్చే పంపు, వాల్వు, ట్యూబు బండిల్ ఊడదీసి దీనికి పెట్టడం. పెట్రోలు నాణ్యత పెంచే క్రాకర్, రిఫార్మర్ లాంటివి తర్వాత. క్రూడ్‌ను కాచి కిరోసిన్, డీజిల్, ఫర్నేస్ ఆయిల్ తీయడం వరకు ఒక్క యూనిట్ చాలు. యుద్ధం నుంచి బయటపడ్డ దేశానికి ముందు కావలసింది కూడా అవే.

నిప్పు తగిలిన ఇనుము గురించి ఒక సంగతి. బయటికి చూస్తే నల్లగా మసి పట్టి ‘పోయింది’ అనిపించే కాలమ్ చాలాసార్లు బాగానే ఉంటుంది. మందం ఉన్న కార్బన్ స్టీల్ కొంతసేపు వేడెక్కి మెల్లగా చల్లబడితే పెద్దగా ఏమీ కాదు. అదే మంట మీద ఫైరింజన్ నీళ్లు కొట్టి ఒక్కసారిగా చల్లార్చారా, అక్కడ అనుమానం పెట్టుకోవాలి. గట్టిదనం కొలుస్తాం, వంగిందేమో దారం కట్టి చూస్తాం, వెల్డు జాయింట్లు వెతుకుతాం. బోల్టులు, గ్యాస్కెట్లు మాత్రం చూడటం కూడా అనవసరం, అన్నీ మార్చేయాలి. మంటలో ముందు నీరసించేవి అవే. కొత్త కుర్రాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది: పెద్ద పాత్రను చూసి భయపడకు, చిన్న బోల్టును చూసి భయపడు.

గుండ్ల ముక్కల సంగతి ఇంకో రకం. 1994లో నేను చూసిన ఒక నిలువు డ్రమ్ము మీద పదకొండు ప్యాచ్‌లు ఉన్నాయి. సున్నంతో నంబర్లు వేసి ఉన్నాయి వాటి మీద. పన్నెండోది నేను పట్టుకున్నాను. ఇన్సులేషన్ కింద చిన్న చొట్ట, మధ్యలో వెంట్రుకంత పగులు. ఎవరి తప్పూ కాదు అది. రేకు విప్పితే తప్ప కనపడదు. యుద్ధం అయిపోయి ఆరేళ్లయినా ఆ గుండు ముక్క అక్కడ పని చేస్తూనే ఉంది. ఆ రోజు మా లంచ్ గంట ఆలస్యమైంది, అంతే.

ఆ తర్వాత సామర్థ్యం మెల్లగా పెంచారు. 4 లక్షల బ్యారెళ్ల స్థాయికి తెచ్చారు. 2023లో చైనా కంపెనీ చేయి కలిపిన కొత్త యూనిట్లు ప్రారంభించారు. పాత 6 లక్షలు మాత్రం రాలేదు. దానికి కారణం ఇంజినీరింగ్ కాదు. యుద్ధం జరుగుతుండగా, తర్వాత కూడా ఇరాన్ ఒక పాఠం నేర్చుకుంది: అన్ని గుడ్లూ నది ఒడ్డున పెట్టకూడదు. ఇస్ఫహాన్ ఉంది, 1990ల్లో అరాక్, బందర్ అబ్బాస్ రిఫైనరీలు వచ్చాయి. ముడిచమురు ఎగుమతి 1960ల్లోనే ఖార్గ్ దీవికి మారింది. పెట్రోకెమికల్స్ మాహ్‌షహర్ వైపు పెరిగాయి. అంటే అబాదాన్ బాగుపడేసరికి దేశానికి అబాదాన్‌తో అంత అవసరం లేకుండా పోయింది. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు ఉంటారు. కానీ ఏ పారిశ్రామిక నగరం గురించి మాట్లాడినా నేను ముందు చూసేది ఇదే. పడిపోయిన కాలంలో దాని పని ఎవరు చేశారు, వాళ్లు ఆ పనిని తిరిగి ఇస్తారా?

మనుషులు

1994లో నాతో పాటు పనిచేసిన ఒక వెల్డర్ ఉండేవాడు. యాభై దాటినవాడు. అబాదాన్‌లోనే పుట్టి, కంపెనీ అప్రెంటిస్ స్కూల్లో నేర్చుకున్నవాడు. 1980లో భార్యనూ నలుగురు పిల్లలనూ తీసుకుని ఒక్క సంచితో షీరాజ్ వెళ్లిపోయాడు. 1989లో కంపెనీ పిలిస్తే వచ్చాడు. ఒక్కడే. పిల్లలు అప్పటికి షీరాజ్ బళ్లలో చదువుతున్నారు, పెద్దమ్మాయికి అక్కడే పెళ్లి చేశాడు. బుధవారం సాయంత్రం షీరాజ్ బస్సు ఎక్కి, శుక్రవారం రాత్రి బయల్దేరి వచ్చేవాడు. ‘ఇల్లు ఎక్కడ?’ అని అడిగితే ‘ఇక్కడే’ అనేవాడు. ఆ ఇంటికి నేను ఒకసారి టీకి వెళ్లాను. రెండు గదులకు పైకప్పు ఉంది. మూడో గదికి లేదు, అందులో వాళ్లావిడ గ్యాస్ స్టవ్ తుప్పు పట్టి అలాగే ఉంది. ఎందుకు తీయలేదని నేను అడగలేదు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఈ మనిషిలో ఉంది. ఎనిమిదేళ్లు అంటే పదేళ్ల పిల్లాడికి పద్దెనిమిది వస్తాయి. అబాదాన్ వాళ్లు షీరాజ్, ఇస్ఫహాన్, బుషెహర్, మషద్, టెహ్రాన్ ఇలా దేశమంతా చెదిరిపోయారు. వాళ్లను ‘జంగ్‌జదే’ అనేవారు, యుద్ధం కొట్టినవాళ్లు అని. మొదట్లో జాలిగా అన్న మాట, తర్వాత మన దగ్గర ‘నిర్వాసితులు’ అన్న మాట ఎలా అయిందో అలా అయింది. పోలవరం ముంపు ఊళ్ల వాళ్లనో, శ్రీశైలం ముంపు వాళ్లనో అడగండి. కొత్త చోట ఇల్లు ఇచ్చినా పదేళ్లు ఆ పేరు వదలదు. అంతకాలం ఓర్చుకుని ఒకచోట కుదురుకున్నాక మళ్లీ కదలాలంటే ఎవరికి మనసొస్తుంది?

1991 లెక్కలకు 85 వేల మంది దాకా తిరిగొచ్చారు. 1996కు రెండు లక్షలు దాటింది. ఈ అంకె చూసి అద్భుతంగా కోలుకుంది అని రాసేస్తారు. వచ్చినవాళ్లందరూ వెళ్లినవాళ్లు కాదు. చుట్టుపక్కల పల్లెల నుంచి, పాడైన ఖర్జూర తోటల నుంచి ఉపాధి కోసం వచ్చినవాళ్లు చాలామంది. పాత ఊరిలో ఉన్న మధ్యతరగతి, అంటే టీచర్లు, నర్సులు, టెక్నీషియన్లు, అప్రెంటిస్ స్కూలు తయారుచేసిన ఆ తరం, చాలావరకు బయటే ఉండిపోయింది. రిఫైనరీ గేటు దగ్గర ఉద్యోగం కోసం నిలబడే స్థానిక కుర్రాళ్లకు, లోపల పనిచేసే బయటి ఊళ్ల వాళ్లకు మధ్య చిరాకు 2011లో నాకు స్పష్టంగా కనిపించింది. ఇది ఒక్క అబాదాన్ గొడవ కాదు లెండి. మా విశాఖ స్టీల్ ప్లాంట్‌కు భూములిచ్చిన ఊళ్లవాళ్లు ఏమంటారో మాకు తెలియదా.

నీళ్లు: ఎవరూ పెద్దగా పట్టించుకోని దెబ్బ

యుద్ధం చేసిన నష్టం కళ్లకు కనపడుతుంది కాబట్టి డబ్బు దానికి వస్తుంది. నీటి నష్టం అలా కాదు. అబాదాన్‌కు మంచినీళ్లు కారూన్ నుంచి, బహ్మన్‌షీర్ నుంచి రావాలి. కారూన్ మీద ఎగువన డ్యాములు ఒకదాని తర్వాత ఒకటి కట్టారు. కొంత నీటిని సొరంగాల ద్వారా ఇస్ఫహాన్ వైపు మళ్లించారు. గోత్‌వంద్ డ్యాం కట్టిన చోట రిజర్వాయరు కింద ఉప్పు పొరలు ఉన్నాయి. ఆ ఉప్పు కరిగి నీళ్లలో కలుస్తోందని ఇరాన్ నిపుణులే మొత్తుకున్నారు. టైగ్రిస్, యూఫ్రటీస్ మీద టర్కీ, సిరియా, ఇరాక్ కట్టిన డ్యాముల వల్ల షత్‌లో మంచినీళ్ల ఒత్తిడి తగ్గింది. నది తగ్గితే సముద్రం పైకి వస్తుంది. కోనసీమ చివర, కృష్ణా డెల్టా చివర ఉన్నవాళ్లకు ఉప్పు ఎగదన్నడం అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

మా పనిలో ఇది వెంటనే తెలుస్తుంది. కూలింగ్ నీళ్లలో ఉప్పు పెరిగితే కండెన్సర్ ట్యూబులు లోపలి నుంచి గుంటలు పడతాయి. 2011లో నన్ను పిలిపించిన పనే అది. అడ్మిరాల్టీ బ్రాస్ (ఒక రకం ఇత్తడి) ట్యూబులు, అంచనా వేసిన ఆయుష్షులో సగం కూడా రాలేదు. ట్యూబు నిలువుగా కోసి చూపిస్తే లోపల మశూచి మచ్చల్లా ఉంది. రిఫైనరీ అయితే ఖరీదైన మెటీరియల్‌కు మారిపోతుంది, లేదా నీళ్లు శుద్ధి చేసుకుంటుంది. తోట ఉన్న రైతు ఏం మారతాడు? యుద్ధంలో తలలు తెగి మొండేలుగా నిలబడ్డ ఖర్జూర చెట్లు 1994లో నేను చూశాను. 2011లో కొత్తగా నాటినవి కూడా ఆకుల అంచులు మాడి ఉన్నాయి. 2018 వేసవిలో ఖోర్రమ్‌షహర్, అబాదాన్‌లలో తాగే నీళ్లు ఉప్పగా, బురదగా వస్తున్నాయని జనం రోడ్డెక్కారు. 2021 జులైలో ఖూజెస్తాన్ అంతా నీళ్ల కోసం ఆందోళనలు జరిగాయి. దేశం చమురులో అధిక భాగం తీసే రాష్ట్రంలో బిందె నీళ్ల కోసం.

హోటల్లో నాకు ఇచ్చిన మొదటి టీ ఉప్పగా ఉంటే చక్కెర బదులు ఉప్పు వేశారేమో అనుకున్నాను. వెయిటర్‌కు చెబితే జగ్గులో నీళ్లు చూపించి భుజాలు ఎగరేశాడు.

ఇంకొక్కటి చెప్పి ఈ భాగం వదిలేస్తాను. 2022 మే 23న అబాదాన్ నడిబొడ్డున మెట్రోపోల్ అనే పది అంతస్తుల కొత్త భవనం కుప్పకూలి 40 మందికి పైగా చనిపోయారు. కట్టడంలో లోపాలు, అనుమతుల్లో అవినీతి అని పెద్ద గొడవ అయింది, అధికారులను అరెస్టు చేశారు. అర్వంద్ ఫ్రీ జోన్ (పన్ను రాయితీలుండే వ్యాపార మండలం) వచ్చాక ఊళ్లోకి డబ్బు వచ్చిన మాట నిజం. బస్రా నుంచి ఇరాకీలు వైద్యానికి, షాపింగ్‌కు వస్తారు. ఒకప్పుడు గుండ్లు వేసిన గట్టు నుంచే ఇప్పుడు గిరాకీ. కానీ ఆ డబ్బు దేనిలోకి వెళ్లిందో మెట్రోపోల్ చూపించింది. పాత ఊరివాళ్లకు అది ఇంకో రెక్స్ సినిమా అనిపించిందని వార్తలు చూస్తూ అనుకున్నాను.

మనకేమిటి సంబంధం

మీరు చివర్లో అడిగిన ప్రశ్న. రెండు ఉన్నాయి.

మొదటిది నేరుగా నా ఇంటికే సంబంధించినది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశానికి కిరోసిన్, పెట్రోలు చాలావరకు ఓడల్లో వచ్చేవి, అందులో అబాదాన్ వాటా పెద్దది. అంతవరకు ఇక్కడ రిఫైనరీ కట్టమంటే లాభం లేదని విదేశీ కంపెనీలు తప్పించుకునేవి. 1951లో అబాదాన్ ఆగిపోగానే లెక్క మారింది. ఆ ఏడాది చివర్లోనే స్టాన్‌వ్యాక్, బర్మా షెల్ ఒప్పందాలు చేసుకున్నాయి, ట్రాంబేలో రిఫైనరీలు వచ్చాయి. 1953లో కాల్టెక్స్ ఒప్పందం, 1957లో విశాఖపట్నంలో రిఫైనరీ. అబాదాన్ గొడవ ఒక్కటే కారణమని అనను, కానీ దాని తోపు గట్టిగానే ఉంది. మల్కాపురంలో మా నాన్నకు ఉద్యోగం దొరికింది ఆ గేటు లోపలే. అబాదాన్ వెలుగు తగ్గిన చోట మా వీధిలో దీపం వెలిగింది. 1994లో ఆ వెల్డర్‌కు ఈ మాట చెబితే, ‘అయితే టీ డబ్బులు నువ్వే ఇవ్వు’ అన్నాడు.

రెండోది ఇంకా పాతది. అబాదాన్ రిఫైనరీ కట్టిన కంపెనీ వెనుక బర్మా ఆయిల్ కంపెనీ డబ్బు, అనుభవం ఉన్నాయి. పని తెలిసిన మనుషులు పర్షియాలో లేరు, అందుకని బొంబాయి, కరాచీ, రంగూన్ నుంచి వేల సంఖ్యలో మనవాళ్లను తీసుకెళ్లారు. ఫిట్టర్లు, గుమాస్తాలు, డ్రైవర్లు, వంటవాళ్లు. 1920 డిసెంబర్‌లో అబాదాన్‌లో మొదటి పెద్ద సమ్మె చేసింది ఈ భారతీయ కార్మికులే. ఇరానీ కార్మికులు వెంట నడిచారు, కంపెనీ జీతాలు పెంచక తప్పలేదు. 1922లో మళ్లీ సమ్మె చేస్తే చాలామందిని ఓడెక్కించి వెనక్కి పంపేశారు. వాళ్లు వదిలి వచ్చినవి ఇప్పటికీ తినొచ్చు. అబాదాన్ వీధుల్లో కారంగా సంబూసె అమ్ముతారు, మన సమోసానే. చేపల పులుసులో చింతపండు వేస్తారు. దాని పేరు తమ్ర్-ఎ-హింది, హిందూ దేశపు ఖర్జూరం అని. మిగతా ఇరాన్‌లో అంత కారం, అంత పులుపు నాకు ఎక్కడా దొరకలేదు.

రిఫైనరీ గోడ పక్కనే, నది ఒడ్డున ఒక మసీదు ఉంది. పేరు ‘మస్జెదె రంగూనీహా’, అంటే రంగూన్ వాళ్ల మసీదు. రంగూన్ నుంచి వచ్చిన కార్మికుల కోసం కట్టింది. ముందు గోడ మీద సిమెంటు పూలు, తీగలు, రంగులు. ఇరాన్ మసీదుల పోలిక అస్సలు ఉండదు. ఇప్పుడది మ్యూజియం.

రంగూన్‌ను మా ఉత్తరాంధ్రలో రంగం అంటారు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో ‘రంగం వెళ్లాడు’ అనే మాట లేని పాత కుటుంబం తక్కువ. రంగూన్ ఎదురుగా నది అవతల సిరియంలో బర్మా ఆయిల్ రిఫైనరీ ఉండేది, బర్మాలో మనవాళ్లను కోరంగి రేవు పేరు మీద కోరంగీలు అనేవారు. మా తాతగారి అన్న రంగం వెళ్లి నూనె కంపెనీలో చేరాడని, రెండు మనియార్డర్లు వచ్చాయని, తర్వాత జాడ లేదని మా నాయనమ్మ చెప్పేది. ఆయన అబాదాన్ దాకా వచ్చాడని నేను అనడం లేదు. వచ్చి ఉండటానికి ఏ ఆధారమూ లేదు. కానీ 2011లో ఆ మసీదు గుమ్మం ముందు పావుగంట నిలబడ్డాను. కాపలా ఆయన హిందా అని అడిగాడు, అవునన్నాను, టిక్కెట్టు తీసుకోకుండా లోపలికి పంపాడు.

ఆ రోజు తీసిన ఫోటోలు నాలుగు పాత ఫోన్‌లో ఉన్నాయి. ఛార్జర్ దొరికితే ఇక్కడే పెడతాను. గోడ మీద తీగలు చూసి అవి ఏ ప్రాంతం పనితనమో చెప్పగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.